బిడ్డ మిషను

మా కొండవాలులో ఎవరింటికి వెళ్లినా కంచె తలుపు దగ్గర నిలబడి "కుక్కను పట్టుకోండి" అని కేక వేయాలి. ఆ ఇంట్లో కుక్క ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. కుక్క చచ్చి ఏళ్లు గడిచిన ఇంటి ముందు కూడా అలాగే అరుస్తాం. అరవకుండా వచ్చేవాణ్ణి దొంగ కింద జమకడతారు. ఇన్నేళ్ల బతుకులో నేను అరవకుండా దూరిన ఇల్లు ఒక్కటే. అది మా అమ్మ ఉండే ఇల్లు.

నా పేరు దుల్మా. విశ్వవిద్యాలయంలో పని చేస్తున్నానంటే జనం నన్ను ఎగాదిగా చూస్తారు. వాళ్ల తప్పేం లేదు. భుజాన సంచీ, సంచీలో గాలిలో మురికిని కొలిచే మీటరు, కాళ్లకు ఉన్ని బూట్లు, ఇదీ నా విశ్వవిద్యాలయం. చలికాలమంతా మా మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండల మీద, గెర్ గుడారాల్లో కాపురముండే గర్భిణుల ఇళ్లు తిరుగుతాను. మీటరు పెట్టి, అంకె రాసుకుని, వాళ్లు పోసిన ఉప్పు పాల టీ తాగి, దగ్గుకుంటూ పై ఇంటికి ఎక్కుతాను. మేము పొయ్యిలో కాల్చే బొగ్గు పొగ కడుపులో ఉన్న బిడ్డను ఏం చేస్తుందో తేల్చడం మా మేడమ్ పరిశోధన.

"అది తేలడానికి మీటరు ఎందుకమ్మా, మా అత్త దగ్గు వింటే చాలదా" అనేవారు ఆడవాళ్లు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. కానీ ప్రభుత్వం వాళ్లకు అత్త దగ్గు వినిపిస్తే పని జరగదు. వాళ్లకు అంకెలు కావాలి. ఆ అంకెల పక్కన పోల్చి చూడడానికి ఇంకో వరస అంకెలు కావాలి.

అందుకని గెరెల్ మేడమ్ ఒక ఏర్పాటు చేసింది. ప్రతి గర్భిణి ఇంటికీ ఒక గాలి మిషను ఇచ్చాం. తెల్లటి పెట్టె, లోపల ఫ్యాను, ఫ్యాను వెనక పొగను పట్టుకునే ఫిల్టరు. అయితే ఫిల్టరు సగం మిషన్లలోనే ఉంది. మిగతా సగం ఒట్టి ఫ్యాన్లు. బయటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, ఒక్కలాగే గుంయ్‌మంటాయి. ఎవరికి ఏది వెళ్లిందో మాకూ తెలియదు, తీసుకున్నవాళ్లకూ తెలియదు. సగం ఒట్టివని మాత్రం ముందే చెప్పి అందరి చేతా ఒప్పించాం. వెనక మూతకు సీలు అంటించి ఉంటుంది. దాన్ని చింపితే ఆ ఇల్లు లెక్కలోంచి పోతుంది, చింపిన మనిషి ఉద్యోగమూ పోతుంది. చలికాలం గడిచాక అందరికీ ఫిల్టర్లు ఇస్తామన్నారు. వాన వెలిశాక గొడుగు ఇస్తామన్నట్టుంది అని నేను లోపల్లోపల గొణుక్కున్నాను గానీ పైకి అనలేదు.

ఇంకో మాట కూడా మేడమే నేర్పింది. అంతకుముందు చలికాలం కొన్ని ఇళ్లకు మిషన్లు ఇచ్చి చూస్తే, వాటిని తీసుకెళ్లి దగ్గే తాతల మంచం పక్కన, ఆయాసం మామల తల దగ్గర పెట్టారట. మంచి వస్తువు ఏదైనా ముందు పెద్దలకు పోవడం మా అలవాటు. అందుకని ఈసారి ఇచ్చేటప్పుడు తప్పకుండా ఇలా చెప్పమంది: "ఇది మీ బిడ్డది. ఇంకెవరిదీ కాదు." ప్రతి ఇంట్లోనూ చిలకలా అదే పలికాను. మా తమ్ముడి ఇంట్లోనూ అదే పలికాను.

మా తమ్ముడు జిగ్మెద్, వాడి భార్య ఉర్నా, మా అమ్మ ఒకే గెర్‌లో ఉంటారు. నేను అదే కొండ మీద ఇంకాస్త కిందగా ఒక గదిలో ఉంటాను. వాళ్లు ఈ ఊరికి సరదాపడి రాలేదు. వాళ్లు వచ్చిన ఏడు ఎండాకాలమంతా చుక్క వాన లేదు, గడ్డి మొలవలేదు. చలికాలం కురిసిన మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి రాయిలా అయింది. గొర్రెలు గిట్టలతో గీకి గీకి నిలబడ్డ చోటే చచ్చాయి. జుద్ అంటాం దాన్ని. అమ్మ చిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి వచ్చేదట, ఇప్పుడు దగ్గరి చుట్టంలా మాటిమాటికీ వచ్చిపోతోంది. మంద పోయాక గెర్‌ను విప్పి లారీకెక్కించి ఇక్కడికొచ్చి దింపారు. జిగ్మెద్‌కు బొగ్గు లారీ మీద బస్తాలు మోసే పని దొరికింది. పొద్దున్నే వెళ్లి కొండంతా బొగ్గు పంచి వస్తాడు, సాయంత్రానికి కొండంతా ఆ బొగ్గును పొగ చేసి వాడికి తిరిగి ఇస్తుంది.

పోయిన చలికాలం ఉర్నాకు కడుపు పోయింది. అప్పటికి కడుపు పైకి కనపడుతోంది కూడా. ఆ పిల్ల ముచ్చటపడి బజారులో పసుపు పచ్చ ఉన్ని టోపీ ఒకటి కొని దిండు కింద పెట్టుకుంది. పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ కొనకూడదని మా వాళ్ల నమ్మకం. కడుపు పోయాక అమ్మ ఆ టోపీని ఎక్కడికో మాయం చేసింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఉర్నా నా దగ్గర ఏడ్చింది.

ఈ చలికాలం మళ్లీ కడుపుతో ఉంది. అందుకే నేనే పేరు రాయించి, మిషను నేనే మోసుకొచ్చాను. అమ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది. గుమ్మానికి ఎదురుగా, దేవుడి పటాలు ఉండే పెద్దల చోటులో పెట్టి, మీద ఖదగ్ అనే నీలం పట్టు కండువా కప్పింది. కొండ మీద చాలా ఇళ్లలో అలాగే చేశారు. ఖదగ్ కప్పారంటే అంతకు మించిన గౌరవం లేదు. మా మిషన్లను ఎంత బాగా చూసుకుంటున్నారో అని నేను మురిసిపోయాను.

చలి బాగా ముదిరాక ఒక మధ్యాహ్నం మీటరు తీసుకుని వెళ్లాను. కంచె దగ్గర కేక వేశాను. అమ్మ తలుపు తీసింది. మిషను గుంయ్‌మంటోంది. మీటరు మాత్రం ఎర్రగా మెరుస్తోంది, బయట వీధిలో ఎంత ఉందో లోపలా అంతే.

"ఏమంటోంది నీ పెట్టె" అంది అమ్మ టీ పోస్తూ. "మా ఇల్లు మురికిదంటోందా?"

"ఇల్లు కాదమ్మా, గాలి."

"గాలి నా చేతిలో ఉందేంటి, తుడిచి పెట్టడానికి."

ఉర్నా మంచం మీద నడుం వాల్చి నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. కొంచెం తలుపు తీసి పెట్టకూడదా అన్నాను.

"తీస్తే వీధి పొగ, వేస్తే మన పొగ. మీకు ఏ పొగ కావాలో చెప్పండి వదినా, అదే పెడతా" అంది కళ్లు తుడుచుకుంటూ.

డాక్టరు ఏమన్నాడని అడిగితే ముఖం పక్కకు తిప్పుకుంది. జిగ్మెద్ చెప్పాడు. వాడు ఆ రోజు పని లేక ఇంట్లోనే ఉన్నాడు. "బిడ్డ నెలకు తగ్గట్టు పెరగట్లేదంటక్కా. చిన్నగా ఉందంట."

"ఉర్నా మేనమామ వాళ్ల దగ్గరికి పంపకూడదట్రా? అక్కడైతే గాలి బాగుంటుంది."

"పంపొచ్చు. అక్కడ్నుంచి ఆసుపత్రికి పోవాలంటే మంచులో రోజు ప్రయాణం. డాక్టరేమో ఆసుపత్రికి దగ్గర్లో ఉండమన్నాడు. ఆసుపత్రి ఉన్నచోట గాలి లేదు, గాలి ఉన్నచోట ఆసుపత్రి లేదు. నువ్వు చదువుకున్నోళ్లతో తిరుగుతావుగా, మధ్యలో ఏమన్నా ఊరుంటే చెప్పు."

నా దగ్గర ఏ ఊరూ లేదు. టీ తాగి బయటికి వచ్చాను. కొండ కింద ఊరు కనపడలేదు. ఒక బూడిద రంగు దుప్పటి కింద ఎక్కడో కార్ల హారన్లు మాత్రం వినిపిస్తున్నాయి.

మేము మిషన్ల రహస్యం ఎరగమని మేడమ్ నమ్మకం. నాలుగు ఇళ్లు తిరిగిన వాళ్లకు మీటరే చెబుతుంది. కొన్ని ఇళ్లలో అడుగు పెట్టగానే అంకె పడిపోతుంది, కొన్ని ఇళ్లలో కదలదు. "సగం ఒట్టివన్నారు గానీ ముప్పావు ఒట్టివేనేమో అక్కా, ఎక్కడ చూసినా ఎరుపే" అని నాతో తిరిగే అమ్మాయి నవ్వేది. నాకు నవ్వు రావడం మానేసింది. మా ఇంటికి ఒట్టిది వచ్చిందని నాకు ఖాయమైపోయింది. నా చేతులతో మోసుకొచ్చి నా తమ్ముడి ఇంట్లో ఒట్టి ఫ్యాను పెట్టాను.

మేడమ్ గదికి వెళ్లాను. ఆమె మాస్కు గడ్డం కిందికి లాగి రొట్టె తింటోంది. నన్ను చూసి రొట్టెను కాగితంలో చుట్టేసింది.

"మా తమ్ముడి ఇంట్లో మిషను ఒట్టిది మేడమ్" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"మీటరు చెప్తోంది కదా."

"మీటరు చెప్పింది రాసుకు రావడం నీ పని దుల్మా. దానికి అర్థం చెప్పడం నీ పని కాదు." కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

"ఒక్క ఫిల్టరు మేడమ్. పోయినేడు ఆ పిల్లకు కడుపు పోయింది. ఇప్పుడు బిడ్డ పెరగట్లేదు."

"మన ఆడవాళ్లలో కడుపు పోయింది ఆ పిల్లకొక్కదానికేనా? నీ మరదలికిస్తే ఆ పక్కింటామెకు ఎందుకివ్వనని నన్ను నేను అడుక్కోవాలి. అందరికీ ఇచ్చేస్తే ఇక పోల్చడానికి ఏం మిగుల్తుంది? పొగకీ దీనికీ సంబంధం లేదని మళ్లీ పై ఏడు ప్రభుత్వం వాళ్లు చెప్తారు నాకు, మొహం మీదే చెప్తారు."

"అంటే పోయేవాళ్లు పోవాలన్నమాట."

"నేనలా అన్లేదు."

"అన్లేదు. మిషన్లు అలాగే పంచారు."

ఆమె రొట్టె పొట్లాన్ని పక్కకు జరిపింది. తర్వాత బల్ల మీద మూసి ఉన్న కంప్యూటరు వైపు చూపించింది. "ఎవరింట్లో ఏది ఉందో అందులో ఉంది. నేను కూడా తెరిచి చూడను. చూస్తే నేనూ నీలాగే అయిపోతా. వెళ్లు దుల్మా, టీ తాగి వెళ్లు."

నేను టీ తాగలేదు. ఆమెను తిట్టుకుంటూ మెట్లు దిగాను. ఆమె చెప్పిన దాంట్లో తప్పు ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. తప్పు దొరికితే తిట్టడానికి సుఖంగా ఉండేది.

ఆ వారమే ఉర్నా పాదాలు వాచాయి. రాత్రుళ్లు కూర్చునే నిద్రపోతోందని జిగ్మెద్ చెప్పాడు. ఉద్యోగం పోతే పోయింది, మిషను మూత తీసి ఫిల్టరు నేనే పెట్టాలని నిర్ణయించుకున్నాను. మా ఆఫీసు మూల పాతబడిన మిషన్ల దగ్గర ఒక ఫిల్టరు తీసి సంచీలో వేసుకున్నాను. దొంగతనమే. దానికి వేరే పేరు పెట్టదలుచుకోలేదు.

అమ్మ నీళ్ల క్యాను బండి మీద పెట్టుకుని కిందికి, నీళ్లు అమ్మే కొట్టు దగ్గరికి పోవడం దూరం నుంచి చూశాను. అక్కడ వరస పెద్దది, తొందరగా రాదు. జిగ్మెద్ లారీ మీదున్నాడు. కంచె తలుపు దగ్గరికి వచ్చాను. కేక గొంతు దాకా వచ్చింది. మింగేశాను. తలుపు నెట్టి లోపలికి దూరాను.

లోపల నిశ్శబ్దంగా ఉంది. పొయ్యిలో బొగ్గు చిటపటమంటోంది. ఉర్నా మంచం మీద దిండ్లకు ఆనుకుని, ముఖం గోడ వైపు తిప్పి నిద్రపోతోంది. మిషను గుంయ్‌మనడం లేదు. కరెంటు పోయిందేమో అనుకున్నాను. కానీ బట్టల పెట్టె మీద కరెంటు రేడియో చిన్నగా పాడుతూనే ఉంది.

ఖదగ్‌ను రెండు చేతులతో తీసి పక్కన పెట్టాను. దొంగతనానికి వచ్చి కూడా ఒక్క చేత్తో తీయబుద్ధి కాలేదు. మిషనును తిప్పి, చాకుతో సీలు కోసి, మూత ఊడదీశాను.

లోపల ఫిల్టరు ఉంది.

ముందు నాకు సంతోషం పొంగుకొచ్చింది. ఒట్టిది కాదు, మా ఇంటికి మంచిదే వచ్చింది. చేత్తో తడిమాను. అప్పుడు గానీ దాని రంగు నా బుర్రకు ఎక్కలేదు. అది తెల్లగా ఉంది. కాచిన పాల మీద మీగడ ఎంత తెల్లగా ఉంటుందో అంత తెల్లగా ఉంది. ఈ కొండ మీద తిరిగిన ఫిల్టరు కొద్ది రోజుల్లోనే పొయ్యి గొట్టంలా నల్లబడుతుందని మాకు పని నేర్పేటప్పుడు చూపించారు. ఇది ఇంత తెల్లగా ఉందంటే ఇన్నాళ్ల పొగను ఇంకెవరో పీల్చి ఉండాలి. ఆ పీల్చిన మనిషి నా వెనక మంచం మీద ఒరిగి ఉంది.

"వదినా" అంది ఉర్నా. "మీ కేక వినపడనే లేదు. ఉండండి, మిషను వేస్తా."

అలవాటుగా లేచి రెండడుగులు వేసింది. ఊడి ఉన్న మూతను చూసి ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి ఇలా?" అన్నాను.

"మీరు తెచ్చినప్పట్నుంచే."

"కేక వినపడగానే వేస్తారన్నమాట."

తలూపింది. "అత్త వద్దంది వదినా. అత్తనొక్కదాన్నే అనకండి, నాక్కూడా భయమేసింది. పోయినసారి టోపీ కొన్నాను కదా."

కంచె దగ్గర బండి చక్రాల చప్పుడైంది. అమ్మ క్యాను దింపి లోపలికి వచ్చింది, కనుబొమల మీద మంచు. నన్ను చూసింది.

"కేక వేయకుండా వచ్చావేంటే, దొంగలాగా" అంది. తర్వాత మిషను వైపు చూసింది. "అయ్యో, దాన్నెందుకు విప్పావు, పాడైపోద్ది."

"ఎందుకు నడపలేదమ్మా?"

"నువ్వేగా బిడ్డదన్నావు."

మిషను తెరిచి ఉన్న వైపును ఆమెకేసి తిప్పాను.

"బిడ్డ ఏదీ?" అంది అమ్మ. గట్టిగా అనలేదు, కడుపులో బిడ్డ వింటుందేమో అన్నట్టు గొంతు తగ్గించి అంది. "ఇంకా నేల మీద పడని బిడ్డ వస్తువు ముందే వాడేస్తారటే ఎవరన్నా? పోయినేడు ఏమైందో చూళ్లేదా? రాగానే వేద్దామని దాచాను. చూడు, ఒక్క మరకైనా పడిందేమో చూడు. బిడ్డొచ్చేసరికి కొత్తది కొత్తగా ఉండాలని రోజూ తుడుస్తన్నా."

"మరి నేనొస్తే ఎందుకు వేసేదానివి?"

"నువ్వు మోసుకొచ్చావు. మూల పడేశారనుకుంటే నీ మనసు చివుక్కుమంటది. పైగా నీ ఉద్యోగానికి మాటొస్తదేమోనని."

అరవాలనిపించింది. గొంతు చించుకుని అరవాలనిపించింది. ఎవరి మీద అరవను? బిడ్డది అని చెప్పింది నేను. చెప్పమన్నది మేడమ్. నమ్మింది అమ్మ. భయపడింది ఉర్నా. ఎవరూ ఎవరికీ చెడు తలపెట్టలేదు. అందరం కలిసి ఆ పిల్ల చుట్టూ పొగ కట్టాం.

"అమ్మా" అన్నాను. "ఉర్నా ఏం పీలిస్తే బిడ్డకు అదే పోతుంది. బిడ్డ ఎప్పుడో వచ్చేసింది. ఇక్కడే ఉంది, మనతోపాటే దగ్గుతోంది."

అమ్మ ఉర్నా కడుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది. చేతికున్న తొడుగులు తీసి, వంగి, నేను మూత బిగించేదాకా ఆగి, స్విచ్చు తనే వేసింది. మిషను తిరగడం మొదలైంది.

"ఇంకా టైముందా?" అని అడిగింది నన్ను.

విశ్వవిద్యాలయంలో పని చేస్తాను కదా, నాకు తెలుస్తుందని ఆమె ఆశ. నేను పొయ్యిలో బొగ్గు సర్దుతున్నట్టు నటించాను.

ఆ తర్వాత కొన్నాళ్లు నోరు మూసుకుని ఉన్నాను. ఆ ఇంట్లో అంకె పడిపోయింది. ఉర్నా ఇప్పుడు పడుకునే నిద్రపోతోంది. సీలు చింపానని చెబితే ఇల్లు లెక్కలోంచి పోతుంది, లెక్కలోంచి పోయిన ఇంటి మిషను వెనక్కి పోతుంది. ఇప్పుడిప్పుడే తిరుగుతున్న మిషనును నా నోటితో నేనే ఆపించుకోవాలి. నేను ఎందుకు చెబుతాను.

కానీ ఖదగ్‌లు నన్ను వదల్లేదు. ఏ ఇంటికి వెళ్లినా పెద్దల చోటులో నీలం పట్టు కింద మిషను. ఒక రోజు కొండ పైకొస ఇంటి ముందు నిలబడి కేక వేశాను. ఆ ఇంటావిడకు నెలలు నిండుతున్నాయి. లోపల గబగబా అడుగుల చప్పుడు వినిపించింది. టక్‌మని చిన్న చప్పుడు. తర్వాత గుంయ్‌మని మొదలైంది. ఆమె తలుపు తీసి, ఆయాసపడుతూ, రండక్కా అని నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను. ముప్పావు ఒట్టివేనేమో అని మేం వేసుకున్న జోకు గుర్తొచ్చింది. లోపలికి వెళ్లకుండా అక్కడే గుమ్మంలో ఆమెకు చెప్పేశాను, మిషను రాత్రీ పగలూ తిరగాలని, బిడ్డ ఇప్పుడే పీలుస్తోందని. అట్నుంచి అటే కొండ దిగి మేడమ్ దగ్గరికి వెళ్లాను.

అంతా విన్నాక ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "బిడ్డది అనమని రాసింది నేనే" అంది చేతుల చాటు నుంచి.

"అవును మేడమ్."

ఓదార్చాలనిపించలేదు. కాసేపటికి ఆమె చేతులు తీసింది. "మంచి మిషన్లున్న ఇళ్లలో కూడా బిడ్డలు చిన్నగానే పుట్టారని, మిషను వల్ల ఉపయోగం లేదని రాయబోతున్నాం మనం. తెలుసా? అదే రాసేవాళ్లం." తర్వాత నా వైపు చూడకుండా అడిగింది. "సీలు నువ్వే తీశావా?"

"నేనే తీశాను. ఇంకో ఫిల్టరు దొంగిలించాను కూడా. ఇదిగో."

ఆమె దాన్ని తీసుకుని బల్ల మీద పెట్టింది. "రేపట్నుంచి నువ్వు రావద్దు దుల్మా. ఉంచుకోవాలని ఉంది. ఉంచుకుంటే మిగతా అంకెలు కూడా ఎవరూ నమ్మరు."

సరేనన్నాను. మిషను కోసం ఎప్పుడు వస్తారని అడిగాను. తనే వస్తానంది.

అన్న మాట ప్రకారమే వచ్చింది. కంచె దగ్గర నిలబడి, పట్నం మనిషే అయినా మా లాగానే, కుక్కను పట్టుకోండి అని కేక వేసింది. అమ్మ ఆమెను పెద్దల చోటులో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఖదగ్ తీసేసిన మిషను ఆమె మోకాలి పక్కనే తిరుగుతోంది. టీ తాగాక మేడమ్ దాన్ని ఆపి, వెనక మూత తీసి, ఫిల్టరు బయటికి లాగింది.

నల్లగా ఉంది. జిగ్మెద్ బస్తాలు దులిపిన గోనె ఎలా ఉంటుందో అలా ఉంది. మిషను తిరగడం మొదలెట్టి ఎన్నో రోజులు కాలేదు. అమ్మ దగ్గరికి వచ్చి చూసింది. వేలితో ముట్టుకుంది. వేలిని చూసుకుంది. పొయ్యి దగ్గరికి వెళ్లి, మా వైపు వీపు పెట్టి కూర్చుంది.

మేడమ్ తన సంచీలోంచి కొత్త ఫిల్టరు తీసి పెట్టి మూత బిగించింది. "ఈ ఇల్లు మా లెక్కలో లేదు" అంది ఎవరితోనో అన్నట్టు. "లెక్కలో లేని ఇంటి సంగతి నన్నెవరూ అడగరు." నల్ల ఫిల్టరును సంచీలో వేసుకుని వెళ్లిపోయింది. మిషను తిరుగుతూనే ఉంది.

మా కొత్త ఏడాది వచ్చే తెల్లనెల పండగకు ముందే ఉర్నాకు నొప్పులొచ్చాయి. నెల తక్కువ కాన్పు. ఆడపిల్ల. బతికింది. నా అరచేతి నుంచి మోచేయి దాకా వచ్చే పిల్ల, ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. ఆసుపత్రి వాళ్లు గాజు పెట్టెలో ఉంచి, చాలా రోజులకు గానీ చేతికివ్వలేదు. ఊపిరితిత్తులు బలంగా లేవు, చలికాలం జాగ్రత్త అన్నారు. చలికాలం ఎక్కడ జాగ్రత్తపడాలో వాళ్లు కూడా చెప్పలేదు.

పిల్లను గొర్రె ఉన్నిలో చుట్టి జిగ్మెద్ ఇంటికి తెచ్చాడు. గుమ్మం దాటగానే ఉర్నా మిషను వైపు చూసింది. అది తిరుగుతోంది. వాళ్లు రాకముందే అమ్మ వేసి పెట్టింది. బిడ్డ ఈల ఆ గుంయ్‌లో కలిసిపోయి వినపడలేదు. ఆ కాసేపూ అందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం.

కొత్తగా ఇంటికొచ్చిన బిడ్డకు కుండ అడుగు మసి తీసి ముక్కు మీద చుక్క పెట్టడం మా ఆచారం. చెడు చూపు సోకకుండా, దెయ్యాలు ఇది మనిషి బిడ్డ కాదనుకునేలా పెడతాం. నాకూ పెట్టారు, జిగ్మెద్‌కూ పెట్టారు. అమ్మ పొయ్యి మీది కుండను పక్కకు వంచి, అడుగున బొటనవేలు రాసి, నల్లటి వేలితో బిడ్డ దగ్గరికి వచ్చింది. ఉర్నా బిడ్డ ముఖం మీది గుడ్డ తొలగించి పట్టుకుంది.

అమ్మ వేలు బిడ్డ ముక్కు దాకా వచ్చి ఆగింది. అమ్మ తన వేలిని చూసుకుంది. బిడ్డ ఈల వేస్తూ ఊపిరి తీసింది. అమ్మ వంగి ఆ చప్పుడు విన్నది, తర్వాత వేలిని తన కోటు అంచుకు తుడిచేసుకుంది. మసి పోలేదు, మళ్లీ తుడిచింది.

"వద్దులే" అంది. "దీనికి కడుపులోనే పెట్టేశాం."